షాపులో బాగుంది, ఇంట్లో ఆగిపోతోంది

మే రెండో వారంలో కొత్తగూడెం నుంచి మా అక్క ఫోన్ చేసింది.

"కంప్యూటర్ మళ్ళీ ఆగిపోయిందిరా. షాపులో రెండు రోజులు ఉంచుకున్నారు, అక్కడ ఒక్కసారి కూడా ఆగలేదంట. ఇంటికి తెచ్చిన మధ్యాహ్నమే టక్కున ఆరిపోయింది. మన ఇంటి కరెంట్లోనే ఏమైనా ఉందంటావా?"

దీనికి ముందు కథ కొంత ఉంది. మార్చి నెలాఖరున ఆ కంప్యూటర్ నెమ్మదించింది. వైరస్ అన్నారు, ఫార్మాట్ కొట్టించారు. మూడు వారాలు హాయిగా నడిచింది. ఏప్రిల్ చివర్లో మళ్ళీ మొదటికొచ్చింది. మే వచ్చేసరికి నెమ్మదించడం పోయి ఆరిపోవడం మొదలైంది. ఇప్పుడు మదర్‌బోర్డు మార్చాలంటున్నారు.

అక్కను మూడు ప్రశ్నలు అడిగాను. ఏ వేళకు ఆగుతోంది? పొద్దున ఆగదు, రెండు దాటాకే. అప్పుడు దాని మీద ఏం చేస్తున్నారు? మేనల్లుడికి ఇంటర్ సెలవులు, ఆటలు ఆడుతున్నాడు. ఆగిన వెంటనే మళ్ళీ వేస్తే? అయిదు నిమిషాల్లో ఆగిపోతుంది. గంటసేపు వదిలేసి వేస్తే అరగంట నడుస్తుంది.

ఆ మూడో జవాబుతో సగం తేలిపోయింది. వైరస్‌కు అలసట, సేద తీరడం ఉండవు. కాసేపు ఊరికే వదిలేస్తే తగ్గి, పని చెప్పగానే తిరగబెట్టే జబ్బు చాలావరకు వేడిదే. షాపువాళ్ళు చెప్పిందీ నిజమే, అక్క చెప్పిందీ నిజమే. ఆ రెండు నిజాలకూ సరిపడే కారణం దొరికేదాకా ఏ పార్టూ కొనకూడదు. ఇంటి కంప్యూటర్ల విషయంలో మనం డబ్బు పోగొట్టుకునేది ఎక్కువగా ఈ తొందర దగ్గరే.

ఇస్త్రీపెట్టెను మించిన వేడి

మనం కంప్యూటర్ ఇనుప డబ్బా మొత్తాన్నీ సీపీయూ అంటాం. అసలు సీపీయూ, అంటే ప్రాసెసర్, డబ్బా లోపల మదర్‌బోర్డు మీద బిగించిన చిన్న చదరపు బిళ్ళ. ఆ బిళ్ళలో కూడా పనిచేసే సిలికాన్ ముక్క బొటనవేలి గోరంతే ఉంటుంది. 1971లో ఇంటెల్ తెచ్చిన 4004 అనే చిప్‌లో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. ఇప్పటి ప్రాసెసర్లలో వాటి సంఖ్య వందల కోట్లు.

ట్రాన్సిస్టర్ ఒక స్విచ్. అది వెలిగిన ప్రతిసారీ చిటికెడు విద్యుత్తు నిండుతుంది, ఆరిన ప్రతిసారీ ఆ విద్యుత్తు ఒలికిపోతుంది. చెంబుతో నీళ్ళు నింపి పారబోసినట్టు అనుకోండి. 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ సెకనుకు 300 కోట్ల దెబ్బల తాళానికి ఈ పని చేస్తుంది. ఒలికిన విద్యుత్తు ఎక్కడికి పోతుంది? వేడిగా మారుతుంది. ఫ్యాన్ తీసుకున్న కరెంటులో కొంత గాలిగా తిరిగొస్తుంది, బల్బుది కొంత వెలుగుగా వస్తుంది. ప్రాసెసర్‌కు ఆ దారి లేదు. 65 వాట్లు తింటే 65 వాట్ల వేడి ఇస్తుంది.

65 వాట్లంటే పాతకాలం బల్బంతే కదా అనిపిస్తుంది. కానీ అది ఎంత జాగాలోంచి వస్తోందో చూడాలి. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె అడుగు రమారమి 200 చదరపు సెంటీమీటర్లు ఉంటుందనుకుంటే, ఒక్కో చదరపు సెంటీమీటరుకు 5 వాట్లు. ప్రాసెసర్‌లో అదే 65 వాట్లు ఒకటిన్నర చదరపు సెంటీమీటర్ల గోరులోంచి రావాలి. అంటే చదరపు సెంటీమీటరుకు 40 వాట్ల పైమాటే. బట్టల మీద ఆడే ఇస్త్రీపెట్టెకు ఎనిమిది రెట్లు. ఈ వేడిని ఎప్పటికప్పుడు లాగేయకపోతే సిలికాన్ కొన్ని క్షణాల్లోనే ప్రమాదపు గీత దాటుతుంది.

అందుకే ప్రాసెసర్ నెత్తిన అల్యూమినియంతోనో రాగితోనో చేసిన రెక్కల దిమ్మ ఉంటుంది. దాన్ని హీట్‌సింక్ అంటారు. గోరంత చోటి నుంచి వేడిని తీసుకుని, పదుల రెక్కల మీదికి పరుస్తుంది. వేడివేడి పాలను గ్లాసులోంచి వెడల్పాటి పళ్ళెంలోకి వంపితే తొందరగా చల్లారినట్టే ఇదీ. పైనున్న ఫ్యాన్ ఆ రెక్కల సందుల్లోని వేడి గాలిని తోసేసి కొత్త గాలిని తెస్తుంది.

గది నుంచి మొదలయ్యే లెక్క

మన ఊళ్ళకు అసలు కీలకం ఈ లెక్కలో ఉంది. వేడి ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకే పోతుంది. ఎంత జోరుగా పోతుందన్నది ఆ రెండు చోట్ల తేడాను బట్టి ఉంటుంది. ఒక హీట్‌సింక్ 65 వాట్లను బయటికి పంపాలంటే ప్రాసెసర్, చుట్టూ ఉన్న గాలి కంటే 45 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండాలి అనుకుందాం. గాలి 28 డిగ్రీలుంటే ప్రాసెసర్ 73 దగ్గర నిలుస్తుంది. గాలి 42 అయితే 87. ఫ్యాన్ ఎంత తిరిగినా ప్రాసెసర్‌ను గది కంటే చల్లబరచలేదు, ఎండాకాలం సీలింగ్ ఫ్యాన్ గదిని చల్లబరచలేనట్టే.

ఇప్పుడు అక్క ఇల్లు చూడండి. కొత్తగూడెంలో మే నెల మధ్యాహ్నం 44, 45 డిగ్రీలు కొత్త కాదు. ఏసీ లేని గదిలో 42. కంప్యూటర్ టేబుల్‌కు కింద సీపీయూ పెట్టడానికని చెక్కతో అర చేస్తారు. వెనకా పక్కనా మూసి ఉన్న ఆ అరలో డబ్బా వదిలిన వేడి గాలినే మళ్ళీ పీల్చుకుంటుంది. అక్కడ ఇంకో ఆరు డిగ్రీలు కలపండి, 48. రెక్కల మీది దుమ్ముకు 20 కలపండి. దానిపై 45. మొత్తం 113. చాలా ప్రాసెసర్ల ప్రమాదపు గీత 100 డిగ్రీల దగ్గరే.

షాపులో? ఏసీ గది, 26 డిగ్రీలు. డబ్బా బల్ల మీద, పక్క తలుపు తీసే ఉంది. 26కు అదే దుమ్ము 20, అదే 45 కలిపితే 91. ఆగదు. పైగా షాపులో ఎవరూ ఆట ఆడరు. ఖాళీగా వెలుగుతున్న తెర వెనక ప్రాసెసర్ 65 వాట్లు కాదు కదా, అందులో నాలుగో వంతు కూడా తినకపోవచ్చు. కాబట్టి రెండు రోజులు కాదు, రెండు నెలలు ఉంచుకున్నా అక్కడ ఆగేది కాదు.

ఫార్మాట్ తర్వాత మూడు వారాలు ఎందుకు బాగుందో కూడా ఇందులోనే తెలుస్తుంది. పాత విండోస్‌తో పాటు, వెనకాల గుట్టుగా నడుస్తున్న పాతిక ప్రోగ్రాములు పోయాయి. ప్రాసెసర్ మీద బరువు తగ్గింది, వేడి తగ్గింది. అప్పటికి ఎండలు పూర్తిగా ముదరలేదు కూడా. ప్రోగ్రాములు మళ్ళీ చేరాయి, ఎండలు ముదిరాయి, జబ్బు తిరిగొచ్చింది. మందు వేశాక తగ్గింది కాబట్టి అదే మందు అనుకోవడం వైద్యంలో ఎంత ప్రమాదమో ఇక్కడా అంతే.

నెమ్మదించడం జబ్బు కాదు

మండుటెండలో పొలం పనివాళ్ళు పన్నెండింటికి చెట్టు నీడకు చేరతారు. పొద్దుగూకేదాకా పనిచేయగలగాలంటే అది తప్పదు. ప్రాసెసర్‌కూ ఆ తెలివి పెట్టారు. సిలికాన్‌లోనే ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ఉంటుంది. చాలా ప్రాసెసర్లలో 95, 100 డిగ్రీల దగ్గర గీత గీసి ఉంటుంది. అది తాకగానే ప్రాసెసర్ తన వేగాన్ని తనే తగ్గించుకుంటుంది. తాళం నెమ్మదిస్తే ఒలికే విద్యుత్తు తగ్గుతుంది, వేడి తగ్గుతుంది. మనకు మాత్రం మౌస్ ఈడ్చుకుంటూ కదలడం, వీడియో తెగితెగి రావడం కనిపిస్తుంది. వైరస్ అనుకుంటాం.

వేగం తగ్గించుకున్నా వేడి పెరుగుతూనే ఉంటే, ఇక ఎవరినీ అడగదు. విండోస్‌కు కూడా చెప్పకుండా కరెంటు తెంపేయమని బోర్డుకు సంకేతం పంపుతుంది. అదే అక్క చెప్పిన "టక్కున ఆరిపోవడం". మళ్ళీ వేశాక విండోస్ తన చిట్టాలో 41 అనే సంఖ్యతో ఒక పద్దు రాసుకుంటుంది. చాలామంది ఆ సంఖ్య చూసి ఏదో పార్టు పోయిందని కంగారు పడతారు. దాని అర్థం ఒకటే: "నన్ను సరిగ్గా మూయకుండానే ఆగిపోయాను." ఎందుకన్నది దానికి తెలియదు.

టేబుల్ ఫ్యాన్ పరీక్ష

అనుమానం ఎంత బలంగా ఉన్నా పరీక్ష చేయకుండా నమ్మకూడదు. ఆ పరీక్షలో ఒక్కటే మార్చాలి. రెండు మారిస్తే బాగుపడినా ఏది బాగుచేసిందో తెలియదు.

మేనల్లుడికి ఫోన్‌లో చెప్పాను. ప్లగ్ తీసేసి, డబ్బాను అరలోంచి బయటికి లాగి, పక్క తలుపు స్క్రూలు రెండూ విప్పి, అడుగు దూరంలో టేబుల్ ఫ్యాన్ పెట్టి లోపలికి వీచేలా తిప్పమన్నాను. మారింది గాలి ఒక్కటే. అదే గది, అదే రెండు గంటల వేళ, అదే ఆట. సాయంత్రం నాలుగున్నర దాకా ఆడాడు. ఆగలేదు. మదర్‌బోర్డు ఖర్చు తప్పిందని అక్కకు అప్పుడే చెప్పేశాను.

ఆగి ఉంటే ఇంకో దారిలో వెతకాల్సి వచ్చేది. బోరు మోటారు వేసినప్పుడో ఫ్రిజ్ మొదలైనప్పుడో సరిగ్గా ఆగుతుంటే అది వోల్టేజీ పడిపోవడం. యూపీఎస్ బ్యాటరీ అయిపోయి ఉంటే ఆ చిన్న తగ్గుదలకే చేతులెత్తేస్తుంది. యూపీఎస్‌ను తప్పించి కంప్యూటర్‌ను నేరుగా గోడ ప్లగ్‌కు పెట్టి ఒక రోజు చూడాలి. వేడితో పనిలేకుండా ఎప్పుడంటే అప్పుడు నీలం తెర వస్తుంటే ముందు ర్యామ్ వైపు చూస్తాను.

> తేదీ 2009 చూపిస్తోందా?
>
> కంప్యూటర్ వేయగానే తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తుంది. బ్యాంకు సైటు తెరిస్తే "ఇది సురక్షితం కాదు" అంటుంది. ఇది కూడా వైరస్ పద్దులోకే పోతుంది. నిజానికి పోయింది మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ. పేరు సీఆర్2032, అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. గోడ గడియారంలో లాగే బోర్డు మీద ఒక క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తూ కాలం లెక్కపెడుతుంది. కరెంటు లేనప్పుడు దాన్ని నడిపేది ఈ బిళ్ళే.
>
> ప్రతి సైటూ తన గుర్తింపు పత్రం చూపిస్తుంది. అది ఏ రోజు నుంచి ఏ రోజు దాకా చెల్లుతుందో దాని మీదే ఉంటుంది. మీ కంప్యూటర్ దృష్టిలో ఇది 2009 అయితే, ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు. అందుకే ఒప్పుకోదు.
>
> డబ్బాకు ప్లగ్ నుంచి కరెంటు అందుతున్నంతసేపూ, కంప్యూటర్ ఆపి ఉన్నా సరే, గడియారం ఆ కరెంటు మీదే నడుస్తుంది. మనం రాత్రి గోడ స్విచ్ కూడా ఆపేస్తాం. మెరుపుల భయానికి అది మంచి అలవాటే. బిళ్ళ కాస్త ముందుగా ఖర్చవుతుంది, అంతే. చాకొలెట్ ధరలో కొత్తది దొరుకుతుంది.

లోపల ఏముంది

ఆదివారం నేనే వెళ్ళాను. కొత్తగూడెం సింగరేణి బొగ్గు గనుల ఊరు, దుమ్ముకు నలుపెక్కువ. దానికి బట్టల నూగు, వంటింటి నూనె పొగ, పక్క గదిలో పూజకు వెలిగించే అగరుబత్తీల పొగ తోడయ్యాయి. నూనె పొగ జిగురులా పట్టుకుంటే నూగు దానికి అంటుకుంటుంది, నూగులో దుమ్ము ఇరుక్కుంటుంది. ఫ్యాన్ విప్పి చూస్తే హీట్‌సింక్ రెక్కలు కనిపించలేదు. వాటి మీద దళసరి గుడ్డలాంటి పొర. వేలితో అంచు పట్టి లాగితే ఒక్క ముక్కగా ఊడొచ్చింది. మే నెలలో ఆ ప్రాసెసర్ కంబళి కప్పుకుని పనిచేసింది. ఫ్యాన్ ఇరుసులోని నూనె కూడా గట్టిపడి, వేలితో తిప్పితే అర చుట్టు తిరిగి ఆగిపోతోంది. కొన్ని వందల రూపాయలతో కొత్త ఫ్యాన్ వేశాం.

శుభ్రం చేయడం కష్టమేమీ కాదు, కానీ కొన్ని జాగ్రత్తలున్నాయి. ప్లగ్ పూర్తిగా తీసేసి, పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోవాలి. బోర్డులో మిగిలిన విద్యుత్తు కారిపోతుంది. ఆ తర్వాత డబ్బా ఇనుమును చేత్తో తాకాలి. పొడిగాలి రోజుల్లో మన ఒంటి మీద నిలవ విద్యుత్తు చేరుతుంది. మనకు చురుక్కుమనాలంటే అది దాదాపు మూడు వేల వోల్టులుండాలి. చిప్‌ను చంపడానికి అందులో చాలా తక్కువ చాలు, మనకు తెలియను కూడా తెలియదు. మెత్తటి పెయింట్ బ్రష్, చేతి బ్లోయర్ సరిపోతాయి. బ్లోయర్ పెట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి. లేకపోతే అది మామూలుగా తిరిగే వేగాన్ని మించి గింగిరాలు కొట్టి ఇరుసు పాడవుతుంది. కొందరు డబ్బాను పంక్చర్ షాపుకు తీసుకెళ్ళి గాలి కొట్టిస్తారు. ఆ గాలిలో నీటి తుంపర, కంప్రెసర్ నూనె ఉంటాయి, వద్దు.

ఒక్కదాన్ని మాత్రం ఇంట్లో ఎవరూ విప్పకూడదు. కరెంటు వైరు వచ్చి చేరే ఎస్‌ఎమ్‌పీఎస్ పెట్టె. అందులోని పెద్ద కెపాసిటర్ మూడు వందల వోల్టులకు పైగా దాచుకుంటుంది. ప్లగ్ తీశాక కూడా అది కాసేపు ఉంటుంది. బయటి జాలీ నుంచి బ్రష్‌తో దులిపి వదిలేయండి. వెచ్చదనం కోసం బల్లులు, బొద్దింకలు దూరేది కూడా ఈ పెట్టెలోకే. డబ్బా వెనక వాడని సందులకు రేకు పట్టీలు ఊడిపోయి ఉంటే తిరిగి బిగించడం మంచిది.

హీట్‌సింక్‌కూ ప్రాసెసర్‌కూ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ ఎండి, పాత గోడ సున్నంలా పెళ్ళలుగా రాలింది. దీని పని చాలామందికి తెలియదు. తిరగలి రాళ్ళు రెండూ చూడ్డానికి నున్నగా కలిసినట్టే ఉంటాయి, మధ్యలో గరుకు సందులుంటాయి. లోహాలు రెండూ కలిసిన చోటా అంతే, మన కంటికి కనిపించదు. ఆ సందుల్లో గాలి ఉంటుంది. వేడిని మోయడంలో రాగితో పోలిస్తే గాలి పదివేల రెట్లకు పైగా బలహీనం. పేస్ట్ ఆ గాలిని బయటికి నెట్టి తను కూర్చుంటుంది. పేస్ట్ గాలి కంటే ఎంతో మేలు, లోహం కంటే ఎంతో తక్కువ. అందుకే శనగగింజంత చాలు. మందంగా పూస్తే లోహానికీ లోహానికీ మధ్య గోడ కట్టినట్టవుతుంది.

> ర్యామ్‌ను రబ్బరుతో రుద్దితే ఎందుకు బాగవుతుంది?
>
> తెర రాదు, బీప్ బీప్ అంటుంది. ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతో అంచు రుద్ది పెడితే లేచి కూర్చుంటుంది. ఇది మూఢనమ్మకం కాదు. ర్యామ్ అంచున ఉన్నవి బంగారు పూత పూసిన పలకలు. తేమ, పొగ, వేలి చెమట వాటి మీద కంటికి కనబడని పొర కడతాయి. పైగా రోజూ వేడెక్కి చల్లారడంతో లోహం సాగి కుంచించుకుంటూ, ర్యామ్ తన గాడిలోంచి వెంట్రుకవాసి జరుగుతుంది. రుద్దడం పొరను తీస్తుంది, తిరిగి నొక్కడం పట్టును సరిచేస్తుంది. చాలాసార్లు తీసి పెడితేనే చాలు. గరుకైన ఇంకు రబ్బరు మాత్రం వాడొద్దు. ఆ బంగారు పూత వెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలుచన, దాన్నే గీకేస్తుంది.

పరిశ్రమకే అడ్డుపడిన గోడ

అక్క ఇంట్లోని ఈ కష్టం ఒకప్పుడు కంప్యూటర్ పరిశ్రమ మొత్తానికి వచ్చింది. 1994లో 100 మెగాహెర్ట్జ్ పెంటియమ్ మంచి ప్రాసెసర్. పదేళ్ళకు, 2004లో, పెంటియమ్ 4 వేగం 3.8 గిగాహెర్ట్జ్. ముప్ఫై ఎనిమిది రెట్లు. ఆ ఊపులో ఇంకో పదేళ్ళు పోతే ఎక్కడికి చేరాలో ఊహించండి. చేరలేదు. అప్పటి పెంటియమ్ 4 రకాలు కొన్ని వంద వాట్లు దాటేశాయి. వాటి తర్వాత రావలసిన తేజస్ అనే ప్రాసెసర్‌ను ఇంటెల్ 2004 మేలో రద్దు చేసింది. వేడిని ఎక్కడ పోయాలో తెలియని స్థితి. ఒక్క పనివాడిని ఇంకా పరుగెత్తించే బదులు, నెమ్మదిగా నడిచే ఇద్దరిని, నలుగురిని పెట్టే దారి పట్టారు. ఇప్పుడు మనం వినే డ్యుయల్ కోర్, ఆక్టా కోర్ అలా వచ్చినవే. 2023లో కూడా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ అందుకున్న అత్యధిక వేగం 6 గిగాహెర్ట్జ్, అదీ కొద్ది క్షణాల పాటు. విశాఖలో గూగుల్ డేటా సెంటర్ గురించి 2025 అక్టోబరులో ప్రకటన వచ్చినప్పటి నుంచి నీళ్ళెన్ని, కరెంటెంత అని జరుగుతున్న చర్చ వెనక ఉన్నదీ ఈ లెక్కే: తిన్న కరెంటంతా వేడి, ఆ వేడిని ఎక్కడో పోయాలి.

ఆరిపోకపోయినా మిగిలే నష్టం

వేడిగా ఉన్నా నడుస్తోంది కదా అని వదిలేయడం నాకు నచ్చదు. బోర్డు మీద నిలబెట్టిన చిన్న చిన్న డబ్బాల్లాంటివి ఎలెక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. కరెంటులోని ఎగుడుదిగుళ్ళను సరిచేసి, ప్రాసెసర్‌కు నిలకడగా అందించేది అవే. చాలావాటి లోపల ద్రవం ఉంటుంది. వేడికి అది కొద్దికొద్దిగా ఇగిరిపోతుంది. వాటిచుట్టూ పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందని ఇంజనీర్లు మోటుగా లెక్క వేసుకుంటారు. అదే మాట యూపీఎస్‌లోని లెడ్ యాసిడ్ బ్యాటరీకీ వర్తిస్తుంది. కాబట్టి యూపీఎస్‌ను డబ్బా వెనక, వేడి గాలి కొట్టే చోట పెట్టకండి. బోర్డు మీద ఏ కెపాసిటర్ నెత్తి అయినా ఉబ్బి కనిపిస్తే ఆ బోర్డుకు రోజులు దగ్గరపడ్డాయి. అప్పుడు మార్చమని ఎవరైనా చెబితే వినాలి.

ల్యాప్‌టాప్ విషయంలో మరీ జాగ్రత్త. దాని ఊపిరి రంధ్రాలు చాలావాటికి అడుగున ఉంటాయి. పరుపు మీద, దిండు మీద పెడితే ముక్కు మూసినట్టే. లిథియం బ్యాటరీకి నిండుగా ఉండటం, వేడిగా ఉండటం రెండూ కలిస్తే తొందరగా ముసలితనం వస్తుంది. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచేవాళ్ళు, సెట్టింగుల్లో 80 శాతం దగ్గర ఆపే సదుపాయం ఉంటే పెట్టుకోండి. కీబోర్డు దగ్గర మూత లేచినట్టు, టచ్‌ప్యాడ్ ఉబ్బినట్టు కనిపిస్తే అది బ్యాటరీ పొంగడం. ఆ క్షణమే ఆపి, ఛార్జింగ్ తీసి, దాన్ని పొడవకుండా నొక్కకుండా బాగుచేసేవాళ్ళకు అప్పగించాలి.

వేడి ఎంతుందో ఊహించనవసరం లేదు. కంప్యూటర్ మొదలవుతున్నప్పుడు డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కితే వచ్చే బయోస్ తెరలో ప్రాసెసర్ ఉష్ణోగ్రత చాలా బోర్డుల్లో కనిపిస్తుంది. పని చేస్తుండగా చూడాలంటే హెచ్‌డబ్ల్యూమానిటర్ లాంటి ఉచిత ప్రోగ్రాములున్నాయి. మేనల్లుడు అది పెట్టుకున్నాడు. టేబుల్ కింది అరకు వెనక చెక్క ఊడదీసి, డబ్బాను గోడకు జానెడు ఎడంగా జరిపాం. మరుసటి వారం మధ్యాహ్నం రెండున్నరకు వాడు ఫోటో తీసి పంపాడు. గది 42, ప్రాసెసర్ 84. ఆట నడుస్తోంది.